అమ్మ చెప్పింది, నేను రాసింది

నవంబర్ 6, సోమవారం

అమ్మను ఈ రోజు ఆరో అంతస్తుకు మార్చారు. పదమూడో నంబరు మంచం, కిటికీ పక్కన. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఊపిరితిత్తుల సంగతి చెప్పాడు. వారాలు అన్నాడు. నెలలు అనలేదు. అమ్మతో మాత్రం మందు మార్చి చూడటానికి ఉంచారని చెప్పాను. నమ్మినట్టే తలూపింది.

పుస్తకం నెలాఖరుకి ఇవ్వాలి. సాయంత్రం తరగతిలో మా కాంటనీస్ నేర్చుకునే విదేశీయుల కోసం, క్రియల వెనక తగిలించే తోకల మీద చిన్న పుస్తకం. ఇంకా నలభై ఉదాహరణ వాక్యాలు కావాలి. అక్షరం ముక్క రాని అమ్మ నోట్లోంచి ఊడిపడే వాక్యాలకి నేను బుర్ర గోక్కుని కల్పించినవి సాటిరావు. అందుకే ఆవిడ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికొచ్చి కార్డుల మీద రాసుకుంటున్నాను.

ఈ రోజు మూడు దొరికాయి. "జో", అయిపోయినదానికి: "మందు మింగేశానే తల్లీ, ఎన్నిసార్లు అడుగుతావ్?" "గన్", ఇంకా జరుగుతున్నదానికి: "ఊపిరి పీలుస్తూనే ఉన్నా కదా, ఈ గొట్టం ఎందుకు?" "సాయ్", ఏమీ మిగలనిదానికి: "పళ్ళన్నీ ఊడిపోయాయి, ఆపిల్ తెచ్చింది చూడు మా టీచరమ్మ."

పద్నాలుగో మంచం మోక్ అత్త పకపకా నవ్వింది. ఎండు చేపల కొట్టు నడిపిన మనిషి. వార్డులో ఎవరింటి సంగతైనా ఆవిడకి కావాలి.

నవంబర్ 7, మంగళవారం

తరగతిలో సిస్టర్ ఆగ్నెస్ అడిగింది, ఈ తోకలన్నీ కోసేస్తే అర్థం పోతుందా అని. పోలండ్ నుంచి వచ్చి, ఇక్కడి ముసలివాళ్ళ ఆశ్రమంలో పని చేస్తూ ఈ వయసులో భాష నేర్చుకుంటోంది. అర్థం పోదు సిస్టర్, చెప్పిన మనిషి పోతుంది అన్నాను. పెద్ద పండితురాలిలా. ఆవిడ దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. ఎందుకన్నానా అని బస్సులో అంతసేపూ చిరాకుపడ్డాను.

నవంబర్ 9, గురువారం

ఎండు నారింజ తొక్క వేసి చేప గంజి పట్టుకెళ్ళాను. నాలుగు చెంచాలు తాగింది.

మోక్ అత్త ఊరుకోదు కదా. "ఎంతమంది పిల్లలమ్మా నీకు? రోజూ ఈ టీచరమ్మే కనిపిస్తుంది."

"ఇద్దరు" అంది అమ్మ.

నేను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాను. బిగిస్తూనే ఉన్నాను.

"పెద్దది మకావులో ఉంది. మూడేళ్ళప్పుడు పెంపకానికి ఇచ్చేశాం. అప్పుడు తిండికి లేదు, చేపల పడవ కూడా పోయింది. తర్వాత పిలిచాను. రాలేదు."

"పిలిచినా రాలేదా! ఏం మనిషమ్మా!"

"రాలేదు" అంది అమ్మ. "దాని తప్పేముందిలే. ఇచ్చేసిన గిన్నె మళ్ళీ మన వంటింట్లోకి వస్తుందా?" నావైపు తిరిగింది. "అయినా ఒక్కసారి చూడాలనుందే. కబురు పెట్టగలవా?"

సరే అన్నాను. ఈ వాక్యాలేవీ కార్డుల మీద రాయలేదు.

నవంబర్ 10, శుక్రవారం

అమ్మ అక్కని పిలిచింది ఉత్తరంలో. ఆ ఉత్తరం నేను బాగానే రాశాను.

నవంబర్ 12, ఆదివారం

అక్క నంబరు నా ఫోన్‌లో ఆరేళ్ళుగా ఉంది. నాన్న పోయినప్పుడు మకావు నుంచి వచ్చిన చుట్టాలావిడ ఇచ్చింది. మారిపోయి ఉంటుంది. మారకపోయినా, యాభై ఏడేళ్ళ మనిషి, ఆవిడ బతుకు ఆవిడది. ఇప్పుడు కదిలించి ఏం సాధిస్తాం?

అక్కని నేను చూసింది రెండుసార్లు. ఇచ్చేసిన రెండేళ్ళకి నేను పుట్టాను. పెంచుకున్నది అగరొత్తుల కొట్టువాళ్ళు, పిల్లల్లేరు. కొత్త సంవత్సరానికి రెండుసార్లు తీసుకొచ్చి చూపించారు. నా జడ లాగింది. అంతే గుర్తు.

మా ఇంట్లో ఉత్తరాలు నేనే రాసేదాన్ని. అమ్మ కూలికి ప్లాస్టిక్ పూలు గుచ్చుతూ చెబుతూ పోయేది, నేను రాస్తూ పోయేదాన్ని. చెప్పింది చెప్పినట్టు ఎవరు రాస్తారు? మా ఊళ్ళో నోటితో మాట్లాడేది వేరు, కాగితం మీద పెట్టేది వేరు. బళ్ళో వ్యాసంలో ఒక్క నోటిమాట దొర్లితే చాలు, మా టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టేది. ఈ తోకలన్నీ ఆ సున్నాల్లోనే పోయాయి. నా వ్యాసాల్లో ఒక్క సున్నా ఉండేది కాదు. అమ్మ పది మాటలు చెబితే నేను నాలుగు రాసేదాన్ని, ఆ నాలుగూ పెద్దమనిషి తరహాలో. అందరూ అంతే చేస్తారు. మాట్లాడినట్టు రాస్తే చదువురాని వాళ్ళ ఇల్లని నవ్వుతారు.

కాబట్టి ఇందులో నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు.

నవంబర్ 13, సోమవారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. మొత్తం అబద్ధం.

రాసేస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

1983. నాకు పన్నెండేళ్ళు. అక్కని పెంచిన తల్లి పోయిందని కబురొచ్చింది. పెంచిన తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నాడు. అమ్మ ఆ రోజు పూలు పక్కన పెట్టేసింది. అలా పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నా పక్కన కూర్చుని చెప్పింది: "రాయి. పిల్లా, ఇంటికొచ్చెయ్. ముగ్గురం తినే గంజిలో నీ గిన్నె కూడా కలిపేస్తే మాకేం తగ్గిపోదు. పైమంచం ఉంది, అక్కడ పడుకుందువుగాని. చెల్లి కింద నాతో పడుకుంటుంది. ఎవరు ఏమన్నా పట్టించుకోకు. వచ్చెయ్."

పైమంచం, మా రెండంతస్తుల మంచంలో పైది, నాది. బామ్మ పోయాక ఏడాదిగా నాది. మూడు బారల గదిలో నాకంటూ ఉన్నదల్లా ఆ చెక్క. కర్రకి తెర కట్టుకున్నాను. లోపల నా పుస్తకాలు, టార్చిలైటు.

నేను రాసింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "మాతృవియోగ వార్త విని మిగుల చింతించితిమి. ఇచట అందరము క్షేమము. నీవు ధైర్యము వహించి, ఆరోగ్యము కాపాడుకొనుచు, విద్యయందు శ్రద్ధ వహింపవలెను."

రమ్మన్న మాట లేదు. తోకలు కోస్తే పోయింది కాదు అది. నేను తీసేశాను.

"చెప్పిందంతా రాశావా?" అని అడిగింది అమ్మ. అంతా రాసేశానన్నాను. కవరు నాలుకతో తడిపి తనే అంటించింది.

తర్వాత రెండు నెలలు పోస్టుమాన్ వచ్చే వేళకి మెట్ల దగ్గర నిలబడేది. అక్కడి నుంచి ఒక్క ముక్క రాలేదు. ఆ తర్వాత సిమ్ అని అక్క పేరు ఎత్తడం మానేసింది. నేను పైమంచం మీద మరో తొమ్మిదేళ్ళు పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను కూడా.

నవంబర్ 14, మంగళవారం

తరగతికి సెలవు చెప్పాను.

నవంబర్ 15, బుధవారం

మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని అక్కకి సందేశం రాయడం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన సోదరికి" అని వేలు దానంతట అదే కొట్టింది. చెరిపేశాను. "మాతృమూర్తి అస్వస్థురాలై". చెరిపేశాను. ఇరవై ఐదేళ్ళుగా భాష పాఠాలు చెప్పుకు బతుకుతున్నాను, అమ్మకి బాగాలేదు రా అని రాయడం చేతకాలేదు.

మోక్ అత్త చూస్తూ చూస్తూ ఇక ఆగలేకపోయింది. "ఏంటమ్మా ఆ కొట్టడం, పేకముక్కలు కలిపినట్టు? అది నొక్కి మాట్లాడెయ్. మా మనవలంతా అంతే. రాయడం ఎవడిక్కావాలి?"

అమ్మ చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వవే."

ఫోను నోటి దగ్గర పట్టుకున్నాను. ఆక్సిజన్ ముసుగు తీసేస్తే ఊపిరందదు. అయినా తీసేసింది.

"సిమ్! నేను, అమ్మని. చచ్చిపోలేదు ఇంకా. మంచమెక్కాను. అప్పుడు పిలిస్తే నువ్వు రాలేదు. పోనీలే, దానికి కోపం లేదు... కాదు, ఉండేది. తగ్గిపోయింది. ఇప్పుడు రావే. భోజనం పెట్టలేను, మంచం మీదున్నా. ఊరికే వచ్చి కూర్చో. టైముంటేనే. లేకపోతే వద్దులే." దగ్గు వచ్చింది. "లేకపోయినా రా."

బొత్తాం వదిలాను. పోయింది. ఇన్ని తోకలతో, ఒక్క సున్నా పడకుండా, నలభై ఏళ్ళు ఆలస్యంగా పోయింది.

అమ్మ ఆ నంబరు ఎప్పటి నుంచి ఉందని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని అనుకుంటున్నాను.

నవంబర్ 16, గురువారం

సందేశం విన్నట్టు గుర్తు పడింది. జవాబు లేదు. అమ్మ నాలుగుసార్లు అడిగింది. విన్నది, పనిలో ఉండుంటుంది అన్నాను. గంజి తాగలేదు.

నవంబర్ 18, శనివారం

వచ్చింది.

పన్నెండు గంటలకి తలుపులు తీయగానే లోపలికి వచ్చినవాళ్ళలో, పొట్టి నెరిసిన జుట్టుతో, గులాబీ రంగు పల్చటి కోటు వేసుకుని, చేతిలో బాదం బిస్కెట్ల డబ్బాతో ఒకావిడ ఒక్కో మంచం నంబరూ చూసుకుంటూ వస్తోంది. నాన్న నడకే. పదకొండు, పన్నెండు. మా దగ్గర ఆగింది.

"సెక్ తై-హో గారంటే...?" అంది, ఏదో ఆఫీసులో అడిగినట్టు.

అమ్మ కళ్ళు తెరిచి చూసింది. "లావయ్యావే" అంది.

అక్క బిస్కెట్ల డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. నేను అందుకున్నాను. "నువ్వు యుక్-సిన్‌వి కదూ" అంది. మాటల్లో మకావు యాస. తలూపాను.

గంటసేపు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఇంతే. ఏం పని చేస్తావు? హోటల్లో దుప్పట్లు ఉతికే చోట. పిల్లలు? ఒక్కడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నొప్పే. నాకూ అంతే. అమ్మ అక్క చెయ్యి తిప్పి అరచేయి చూసింది, వేళ్ళు ఒక్కోటీ నొక్కి చూసింది. మోక్ అత్త కూడా గోడవైపు తిరిగి పడుకుంది.

చెప్పలేకపోయాను. గంట కొట్టి అందరినీ పంపేశారు.

నవంబర్ 19, ఆదివారం

అక్క నిన్న తిరిగి వెళ్ళలేదు. జోర్డన్ రోడ్డులో అద్దె గది తీసుకుంది. మా ఇంట్లో ఉండమని అనడానికి ఏ మొహం పెట్టుకుని అనాలో తెలియలేదు.

సాయంత్రం ఆరింటికి రోగుల్ని చూడనిచ్చే గంటలో ఇంకా పావుగంట మిగిలి ఉండగా లిఫ్టు దగ్గర కలిశాం. తనే ఎత్తింది.

"అమ్మ ఆ సందేశంలో పిలిచానంది. ఎప్పుడు పిలిచింది?"

"ఎనభై మూడులో. ఉత్తరం."

"ఆ ఉత్తరం వచ్చింది. నాకు మూడో తరగతితో సరి. అంత పెద్ద పెద్ద మాటలు నాకెక్కడ అర్థమవుతాయి? గుడి ముందు ఉత్తరాలు రాసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని రాగం తీసి చదివాడు. విద్యయందు శ్రద్ధ అట! అప్పటికి నేను టపాకాయలు చుట్టే పనికి పోతున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు." అక్క కూడా నవ్వబోయింది, కుదరలేదు. "అంతేనా అని అడిగాను. అంతే అన్నాడు. వెనక తిప్పి చూడు తాతా అన్నాను. వెనక ఏమీ లేదు."

లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు.

"నేను రాశాను" అన్నాను.

"తెలుసు. అమ్మకి రాదు కదా."

"అది కాదు అక్కా. అమ్మ రమ్మంది. వచ్చెయ్ అంది, రెండుసార్లు. పైమంచం ఇస్తానంది. నేనే రాయలేదు. ఆ మంచం నాది."

అక్క నావైపు తిరిగింది. చెంప మీద కొడితే బాగుండునని నిజంగా అనుకున్నాను. కొట్టలేదు. "అమ్మకి తెలుసా?" అంది. తెలియదన్నాను.

"ఇన్నేళ్ళూ నేను రానన్నాననుకుందా?"

"అవును."

"అయితే లోపలికి నడు. చెప్పు. నువ్వే చెప్పు, నేను చెప్పను."

వెళ్ళి చెప్పాను. రికార్డు చేయడానికి తప్ప ఎప్పుడూ ఆ మంచానికి అంత దగ్గరగా వంగలేదు. మూడు వాక్యాలు. ఒక్క మాట కూడా సరిదిద్దకుండా చెప్పాను. వచ్చెయ్ అని నువ్వు చెప్పావు. నేను రాయలేదు. రాశానని నీకు అబద్ధం చెప్పాను.

అమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నన్ను దాటి అక్క వైపు చూసింది. ముసుగు లోపల నుంచి, "నలభై ఏళ్ళు దీన్ని తిట్టుకున్నానే" అంది. "పండగ పండక్కీ తిట్టుకున్నాను."

మిగతా పది నిమిషాలూ నావైపు చూడలేదు. నర్సు వచ్చి వేళయిపోయిందంది.

నవంబర్ 20, సోమవారం

అమ్మ మాట్లాడలేదు నాతో.

నవంబర్ 21, మంగళవారం

మాట్లాడలేదు. గంజి అక్క పట్టింది, ఆరు చెంచాలు తాగింది. నేను ఫ్లాస్కులు కడిగి తెచ్చాను. అక్క నాతో పనికి కావలసినంతే మాట్లాడుతోంది. తువ్వాలు. నీళ్ళు. ఆ పక్కకి జరుగు.

స్కూలుకి ఫోన్ చేసి పుస్తకం ఇప్పట్లో కాదని చెప్పాను. రికార్డులన్నీ ఉన్నాయి. వినడానికి ధైర్యం లేదు.

నవంబర్ 22, బుధవారం

మధ్యాహ్నం అక్క కిందికి టీ తాగడానికి వెళ్ళినప్పుడు అమ్మ వేలితో పిలిచింది. దగ్గరికి వెళ్ళాను.

"అప్పుడు అడిగావా నన్ను? ఆ మంచం నాదీ అని?"

"అడగలేదు."

"అడగాల్సింది." ఊపిరి కోసం ఆగింది. "పైది ఇద్దరికీ సరిపోయేది. బామ్మా, మీ నాన్నా చాన్నాళ్ళు దానిమీదే సర్దుకున్నారు. మీరిద్దరూ సన్నగా ఉండేవాళ్ళు."

అంతకన్నా ఏమీ అనలేదు. క్షమించానని అనలేదు. నేను ఏడ్చాను. మోక్ అత్త తన కాగితం రుమాళ్ళ పెట్టె నా ఒళ్ళోకి విసిరి, "అన్నీ వాడుకో" అంది.

నవంబర్ 24, శుక్రవారం

ఉదయం పదింటికి అమ్మ పోయింది. చెయ్యి అక్క చేతిలో ఉంది. నేను పాదాల దగ్గర ఉన్నాను.

డిసెంబర్ 14, గురువారం

మూడు వారాలకి దహనానికి వరస దొరికింది. పురోహితుడు, "పెద్ద బిడ్డ ఎవరు? ముందుకు రండి" అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను వెనక్కి జరిగాను. అక్క అగరొత్తులు పట్టుకుని ముందు నడిచింది. చుట్టాల్లో ఎవరో, పెంపకానికి ఇచ్చేసిన పిల్ల కదా, పనికొస్తుందా అని గొణిగారు. వెనక్కి తిరిగి, "అమ్మ పిలిచింది తనని" అన్నాను, అందరికీ వినపడేటట్టు. గొణుగుడు ఆగిపోయింది.

తర్వాత ఆనవాయితీ ప్రకారం ఏడు వంటకాల భోజనం. మేం తొమ్మిదిమందిమి, ఒకే గుండ్రటి బల్ల. అక్క నా ఎదురుగా. గిన్నెల్లో అన్నం వచ్చింది, చేప వచ్చింది, ఎవరూ ముట్టుకోవడం లేదు.

మా ఇళ్ళలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని పేరుపేరునా భోజనానికి పిలిచాకే చాప్‌స్టిక్స్ ఎత్తాలి. చిన్నప్పుడు రోజూ బామ్మా తిను, నాన్నా తిను, అమ్మా తిను అనేదాన్ని. నా పిలుపు అక్కడితో అయిపోయేది. ఈ యాభై రెండేళ్ళలో అమ్మ తర్వాతి పిలుపు, అక్కది, నేను పలకలేదు. ఇవాళ ఆ బల్ల దగ్గర నాకన్నా పెద్దది, నా రక్తం, ఒక్క అక్కే.

"అక్కా, అన్నం తిను" అన్నాను.

అక్క తల ఎత్తలేదు. చాప్‌స్టిక్స్ ముట్టుకోలేదు. చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. వినపడలేదేమో అనుకున్నాను, లేక లేచి వెళ్ళిపోతుందేమో, వెళ్ళినా న్యాయమే అనుకున్నాను.

"మళ్ళీ అను" అంది.

"అక్కా, అన్నం తిను."

అక్క గిన్నె చేతిలోకి తీసుకుంది. ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది. కళ్ళ నీళ్ళు గిన్నెలో పడుతున్నా ఆపకుండా గిన్నెడు అన్నం మొత్తం తినేసింది.